చుట్ట మానినందుకు పళ్లపొడి

పోయిన నెల, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు తనకు భీమవరంలో సొంత క్లినిక్ ఉంది. చిగుళ్లు జారిపోయి, చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చాడట. సిగరెట్లు కాలుస్తారా అని అడిగితే ఛీ ఛీ అన్నాడట. చొక్కా జేబులో పెన్నులాంటిది కనిపించి అదేమిటంటే, "అది పొగ కాదు మేడం, ఆవిరి. మామిడిపండు ఫ్లేవరు," అన్నాడట. ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నికోటిన్ పొగగా వచ్చినా, ఆవిరిగా వచ్చినా, పెదవి కింద దాచుకునే పొట్లంగా వచ్చినా చిగురుకు చేసే అపకారం చేసి తీరుతుంది. రక్తనాళాలను బిగిస్తుంది. నోరు ఎండిపోతుంది. చిగురు లోపల చెడుతున్నా పైకి ఎర్రబడదు, రక్తం కారదు, అందుకని అంతా బాగానే ఉందనుకుంటారు. ఇదంతా మీ పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. దాన్ని అమ్మేవాడు దాని పేరు పెట్టి అమ్మడు. అది కాదు, ఇది ఇంకొకటి అంటాడు. ఆ మాట నేను మొదటిసారి విన్నది ఏలూరులో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. అప్పటికి మనవైపు ఆవిరీ లేదు, మామిడిపండూ లేదు. పళ్లపొడి ఉండేది. పళ్ల డాక్టర్లు కాబోతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నేళ్లు ఆగాను. తగ్గలేదు.

నేనప్పుడు ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో పళ్ల డాక్టర్ని. మా విభాగం అంటే వరండా చివర ఒక గది, అందులో ఒక కుర్చీ, దానికి ఒక అటెండరు. కుర్చీని ఒకసారి పైకి లేపితే మళ్లీ దిగడానికి అటెండరు దాని చేతుల మీద బరువు మోపాల్సి వచ్చేది. ఆయన భారీ మనిషి. ప్రభుత్వం నాకిచ్చిన పరికరాల్లో నమ్మదగింది ఆయనొక్కడే. సూపరింటెండెంటుగారు పేరున్న సర్జన్. ఆయన లెక్కలో మనిషి శరీరం మెడ దగ్గర ఆగిపోయి మళ్లీ కళ్ల దగ్గర మొదలయ్యేది. మధ్యలో ఉన్న నోటి గురించి ఏం చెప్పినా, "చూద్దాం మేడం," అనేవారు.

కైకలూరు వైపు నుంచీ ముదినేపల్లి వైపు నుంచీ వచ్చే బస్సుల్లో కొల్లేటి ఊళ్ల ఆడవాళ్లు పంటినొప్పితో వచ్చేవారు. చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లు, ఊడ్పులకూ కోతలకూ వెళ్లేవాళ్లు. వాళ్లలో ఒక ఊరి నుంచి వచ్చేవాళ్ల నోళ్లు నాకు అంతుపట్టేవి కావు. పళ్లు చూడబోతే తెల్లగా, శుభ్రంగా ఉండేవి. కింది వరుస ముందు పళ్ల దగ్గర మాత్రం చిగురు వేళ్ల దాకా జారిపోయి ఉండేది. పెదవి లోపలి చర్మం, రోజంతా నీళ్లలో నానిన వేళ్లలాగా తెల్లబడి ముడతలు పడి ఉండేది. ఇది పొగాకు చేసే పని.

"చుట్ట కాలుస్తావా అమ్మా?" అని అడిగేదాన్ని.

"అయ్యో, లేదండీ. బాప్తిస్మం తీసుకున్నాక మానేశామండీ."

"గుట్కా? ఖైనీ?"

"అబ్బే. అలాంటివి మా సంఘంలో ఎవరూ ముట్టరండీ."

అది అబద్ధం చెప్పే గొంతు కాదు. అటెండరు కూడా, "వాళ్లు చెప్పింది నిజమేనండీ మేడంగారూ. ఆ ఊరి చర్చిలో మా బంధువులున్నారు. చుట్ట వాసనొస్తే బల్ల దగ్గరకి రానివ్వరండీ," అన్నాడు. బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల. అక్కడికి రానివ్వకపోవడం అంటే వాళ్లకు వెలివేసినంత పని.

ఒకరోజు ఆ ఊరి నుంచే ఒక పెద్దావిడ వచ్చారు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడేనట, అందుకని ఊరందరికీ ఆవిడ పాటలమ్మగారు. స్త్రీల సమాజానికి పెద్ద కూడా. నేను ముందున్న పేషెంటును పంపించి బయటికి చూసేసరికి ఆవిడ వరండా చివర గోడవైపు తిరిగి, ఒక ఎర్ర డబ్బాలోంచి పొడి తీసి వేలితో పళ్లకు రుద్దుకుంటున్నారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"పళ్లు తోముకుంటున్నానండీ. డాక్టరుగారి ముందు నోరు తెరవాలి కదండీ, శుభ్రంగా ఉండొద్దా?"

డబ్బా తీసుకుని చూశాను. మూత మీద తెల్లటి పలువరుస బొమ్మ, చుట్టూ పచ్చటి ఆకులు. లవంగం, పటిక, వేపబెరడు అని రాసి, కింద "మరియు ఇతర మూలికలు" అన్నారు. వాసన చూస్తే మొదట లవంగం తగిలింది, దాని వెనకాలే చుట్ట. నేను పెంటపాడులో పుట్టి పెరిగినదాన్ని. మా తాతగారి పడకకుర్చీ వాసన నాకు ఎక్కడున్నా తెలుస్తుంది. అనుమానం తీర్చుకుందామని చిటికెడు తీసి నా కింది చిగురుకు రాసుకున్నాను. కాసేపటికే తల గిర్రున తిరిగింది. ఒళ్లంతా చెమట పట్టి, వెక్కిళ్లు మొదలయ్యాయి. అటెండరు నన్ను పట్టుకుని పేషెంట్ల కుర్చీలోనే కూర్చోబెట్టి, "పైకి లేపమంటారాండీ?" అన్నాడు.

పాటలమ్మగారు నా పక్కన చేరి వీపు నిమిరారు. "మొదట్లో అలాగే ఉంటుందండీ. ఒక్క వారం వాడండి, అలవాటైపోద్దండీ."

నేను తేరుకున్నాక ఆవిడే వివరం చెప్పారు. వాళ్ల సంఘంలో బాప్తిస్మానికి కాలవలో దిగే ముందు ఆడవాళ్లు చుట్టలు గట్టు మీద వదిలేస్తారు. నీళ్లలోంచి పైకి వచ్చాక స్త్రీల సమాజం తరపున తెల్లచీర, దాని మీద ఒక పళ్లపొడి డబ్బా పెట్టి ఇస్తారు. చుట్ట మానిన నోరు ఊరుకోదు, ఏదో ఒకటి అడుగుతుంది, అప్పుడు పళ్లు తోముకోమని పూర్వం ఎవరో పెద్దావిడ పెట్టిన ఆనవాయితీ. ఇప్పుడు ఆ డబ్బా ఇచ్చేది పాటలమ్మగారే. "తోముకుంటే చుట్ట మీదకి మనసు పోదండీ. దేవుడి దయ," అన్నారు. ఎందుకు పోతుంది! చుట్ట ఎక్కడికీ వెళ్లలేదు, వేషం మార్చుకుని నోట్లోనే ఉంది. పొద్దున ఒకసారి, పని మధ్యలో నాలుగుసార్లు, పడుకోబోయే ముందు ఒకసారి. చుట్ట తాగిన రోజుల్లో కూడా వాళ్లు అన్నిసార్లు తాగి ఉండరు.

బాప్తిస్మం డబ్బాలు ఉచితంగా పంపేది ఏలూరు బజారులో ఆ పొడికి ఏజెన్సీ ఉన్న వ్యాపారి. మొదటి డబ్బా పుణ్యానికి, మిగతావన్నీ కొట్లో.

ఆవిడ నోరు తెరిచాక నా వెక్కిళ్లు ఆగిపోయాయి. కింది పెదవికీ చిగురుకూ మధ్య మడతలో పుండు ఉంది. అంచులు గట్టిపడి ఉన్నాయి. ఎన్నాళ్ల నుంచి అంటే క్రిస్మస్ ముందు నుంచి అన్నారు. "సలుపుతుంటే కాస్త పొడి పెడతానండీ. తిమ్మిరెక్కి ఊరుకుంటుందండీ."

నేను మెత్తగా మాట్లాడటం రాని మనిషిని. ఇది పొగాకు పొడి అనీ, ఈ పుండు దానివల్లే వచ్చిందనీ, వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపాలనీ చెప్పేశాను. ఆలస్యమైతే దవడ పోతుంది, ఇంకా ఆలస్యమైతే మనిషే పోతారన్నాను.

ఆవిడ లేచి నిలబడ్డారు. "పొగాకంటారేంటండీ? నేను పొగాకు ముట్టి ఎన్నేళ్లయిందో తెలుసాండీ? మా ఊళ్లో ఎంతమంది ఆడవాళ్ల చేత మానిపించానండీ! అలాంటి మాట మా ఊళ్లో అనకండి డాక్టరుగారూ. మీకు దణ్ణం పెడతాను."

సంచి తీసుకుని వెళ్లిపోయారు. పుండు ఆవిడను భయపెట్టలేదు. అది పొగాకు పుండు అయితే, గట్టు మీద అందరి చేతుల్లోనూ తాను పెట్టింది పొగాకు అవుతుంది. ఆ మాట ఒప్పుకోవడం కన్నా చావడమే నయమనుకునే మనిషి ఆవిడ.

నేను సూపరింటెండెంటుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "పళ్లపొడి మీద మనకెందుకు మేడం? ఆ వ్యాపారి మంచివాడండీ. మన ఓపీలో వాటర్ కూలర్ ఆయనిచ్చిందే," అన్నారు. కొన్నాళ్లకు ఆయనే కబురు పెట్టి చల్లని వార్త చెప్పారు. ఆ వ్యాపారి ఖర్చుతో అదే ఊళ్లో, చర్చి ఆవరణలో ఉచిత దంతవైద్య శిబిరం. టెంటూ భోజనాలూ ఆయనవి, పళ్లు పీకడం నాది. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. రానని చెబుదామనుకున్నాను. కానీ పాటలమ్మగారు ఆసుపత్రికి మళ్లీ రాలేదు, ఆ పుండు ఆ ఊళ్లోనే ఉంది. ముక్క తీసే సామానూ, దాన్ని వేసే మందునీళ్ల సీసా కూడా సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

ఊరికి ఒకవైపు చేపల చెరువులు, ఒకవైపు వరి చేలు. ఐసు కారుతూ లారీలు పోయే రోడ్డు పక్కనే చర్చి. గేటుకు బ్యానరు కట్టారు, దాని మీద నా పేరుకన్నా పొడి డబ్బా బొమ్మ పెద్దదిగా ఉంది. మొదలుపెట్టే ముందు పాటలమ్మగారు ప్రార్థన పాట ఎత్తుకున్నారు. అంత మంచి గొంతు నేను మళ్లీ వినలేదు. కింది పెదవి మాత్రం కదలడం లేదు. పాట అయ్యాక నా కుర్చీవైపు చూడను కూడా చూడకుండా, వ్యాపారి బల్ల దగ్గర డబ్బాలు పంచడానికి వెళ్లి నిలబడ్డారు.

నేను పళ్లు తీస్తున్నాను, అటెండరు దూది అందిస్తున్నాడు. పన్ను తీయించుకున్న ప్రతి మనిషీ నా దగ్గర్నుంచి లేచి నేరుగా ఆ బల్ల దగ్గరకు వెళ్తోంది. కాసేపటికి తల తిప్పి చూద్దును గదా, ఒకావిడ నేను పెట్టిన దూది తీసి పారేసి, ఆ పచ్చి గుంటలో పొడి కూరుకుంటోంది. వ్యాపారి తియ్యగా, "అద్దుకో అమ్మా, రక్తం ఇట్టే ఆగిపోద్ది," అంటున్నాడు.

చేతిలో పటకారు చేతిలోనే ఉంది. లేచి వెళ్లి చర్చి మైకు అందుకున్నాను. ఇది పళ్లపొడి కాదు, పొగాకు అన్నాను. మీ నోళ్లు ఇలా అవడానికి ఇదే కారణం, ఈయనకు అది తెలుసు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాస్తే మీకు సభ్యత అనిపించదు.

వ్యాపారి రెండు చేతులూ జోడించాడు. "మేడంగారికి ఎండ తగిలినట్టుందండీ. కొల్లేటి నీళ్లకి పళ్లు పాడవుతున్నాయని, పేదవాళ్లకి సాయం చేద్దామని వచ్చానండీ నేను. ఇవి మూలికలండీ."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో, "డాక్టరమ్మగారు పొగాకు మనుషులమంటున్నారు మనల్ని," అన్నారు. పాస్టరుగారు మైకు ఎలా తీసుకోవాలో తెలియక నా పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. అప్పుడు పాటలమ్మగారు ముందుకు వచ్చారు. ఆవిడ ముఖం కందిపోయి ఉంది.

"మీరు పెద్ద చదువులు చదివారండీ," అన్నారు నాతో. "కానీ మా నోళ్లకి పాపం అంటగట్టకండి."

తర్వాత కొత్త డబ్బా ఒకటి మూత తీసి వ్యాపారి ముందుకు చాపారు. "బాబుగారండీ, మీరొక్కసారి అందరి ముందూ తోముకుని చూపించండి. డాక్టరుగారికి అనుమానం తీరిపోద్ది."

ఆవిడ అతని పక్షాన నిలబడే అడిగారు. అతను గెలవాలనే అడిగారు. అతను నవ్వాడు.

"ఇప్పుడెందుకమ్మా, పొద్దున్నే తోముకుని వచ్చాను."

"చిటికెడేనండీ. మేం రోజుకి ఎన్నిసార్లు తోముకోమండీ!"

జనమంతా చూస్తున్నారు. అతను డబ్బావైపు చూశాడు, నావైపు చూశాడు. చెయ్యి కొంచెం ముందుకు వచ్చి ఆగింది. "వద్దమ్మా, నాకు అలవాటు లేదు. తల తిరుగుద్ది," అన్నాడు. నా చేతిలో మైకు ఉంది, ఆ మాట చర్చి కప్పు మీది లౌడ్‌స్పీకర్లోంచి చేపల చెరువుల దాకా వినిపించింది.

పాటలమ్మగారు అక్కడే నిలబడ్డారు. "పళ్లు తోముకోడానికి అలవాటేంటండీ?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగారు. "మీ ఇంట్లో ఆడవాళ్లు వాడతారాండీ?"

"మా ఇంట్లో పేస్టు," అన్నాడు అతను, ఎటో చూస్తూ.

ఆవిడ డబ్బాకు మూత పెట్టి బల్ల మీద ఉంచారు. వరసలో ఉన్నవాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తే వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. ఎవరికీ కనపడకుండా దాచుకున్న పుండు, అందరూ చూస్తుండగా నోరు తెరిచి చూపించారు. నేను మత్తు ఇచ్చి ముక్క తీశాను. ఆవిడ కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తల మాత్రం కదల్లేదు. అటెండరు సీసా మూత తీసి పట్టుకున్నాడు.

ఇంతలో మా నెత్తి మీది నీడ పోయింది. వ్యాపారి మనుషులు టెంటు విప్పేస్తున్నారు. ఇంకా వరసలో మనుషులుండగానే! మిగిలినవాళ్లకు చర్చి వరండాలో పళ్లు తీశాను. భోజనాల గిన్నెలు కూడా వ్యానెక్కి వెళ్లిపోయాయి. ఊరివాళ్లే మాకు చేపల పులుసుతో అన్నం పెట్టారు.

రిపోర్టు నేను భయపడినట్టే వచ్చింది. క్యాన్సర్. గుంటూరులో ఆపరేషన్ చేసి కింది దవడ ముందు భాగం, పెదవిలో కొంత తీసేశారు. మనిషి బతికారు. సంఘంలో కొందరు పెద్దలు, పొడి వాడినవాళ్లను బల్లకు రానివ్వాలా వద్దా అని చర్చ పెట్టారట. పాస్టరుగారు ఆ చర్చ తేలేదాకా ఆగలేదు. చేతులు నలుపుకునే మనిషి అని నేను తీసిపారేసిన ఆయన, రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని రైలెక్కి గుంటూరు వార్డుకు వెళ్లారు. ఆవిడ మింగలేరు కనుక ద్రాక్షరసం వేలితో నాలుకకు తాకించి వచ్చారు.

ఇక మన ప్రభుత్వం సంగతి. నేను డబ్బా జతచేసి ఫిర్యాదు పంపాను. మందుల శాఖ ఇది మందు కాదంది. ఆహార శాఖ ఇది ఆహారం కాదంది. పొగాకు సంగతి చూసేవాళ్లు, దీని మీద పొగాకు అని ఎక్కడా లేదు కదా అన్నారు. వాళ్లందరి లెక్కలో అది ఏమీ కాదు. ఆ ఏమీ కానిది ఒక మనిషి దవడ తినేసింది. ఫిర్యాదుకు ఫలితం మాత్రం వెంటనే వచ్చింది, అది నాకు. దాతను బహిరంగంగా అవమానించినందుకు మెమో ఇచ్చి, తాడేపల్లిగూడెం బదిలీ చేశారు. అక్కణ్నుంచి మా పుట్టింటికి ఆటోలో వెళ్లొచ్చు. శిక్ష వేయడం కూడా సరిగ్గా చేతకాదు వీళ్లకు.

పాటలమ్మగారు ఊరికి తిరిగొచ్చాక మాట ముద్దగా అయిపోయింది. పాట పూర్తిగా పోయింది. కాస్త ఓపిక రాగానే ఆవిడ మొదలుపెట్టిన పని, తాను డబ్బా ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లడం. గుమ్మంలో నిలబడి మొహం మీది కొంగు తీసి నోరు తెరిచేవారట. లోపలి ఆడవాళ్లు ఏడుస్తూ డబ్బా తెచ్చి ఇచ్చేవారట. మానడం తేలికేం కాదు. తలపోట్లు, చిరాకు, నిద్రపట్టకపోవడం. అలాంటి వాళ్ల దగ్గర పగలంతా కూర్చునేవారట. మన వృత్తిలో మానిపించే పద్ధతుల మీద చాలా పాఠాలున్నాయి, చదవండి. ఈ పద్ధతి వాటిలో ఉండదు, ఎవరికీ ఆ అవసరం రాకూడదు కూడా.

ఒక సోమవారం ఏలూరు నుంచి అటెండరు ఫోన్ చేశాడు. "మేడంగారండీ, ఒకసారి బజారుకి రండి," అన్నాడు. సెలవు పెట్టి వెళ్లాను.

వ్యాపారి కొట్టు ముందు పాటలమ్మగారు నిలబడి ఉన్నారు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎవరైనా ఎర్ర డబ్బా అడిగితే, ఆవిడ పక్కకు తిరిగి కొంగు తీసి నోరు తెరుస్తున్నారు. ఒక్క మాట లేదు. అడిగినవాళ్లు అడిగినట్టే వెనక్కి వెళ్లిపోతున్నారు. వ్యాపారి మొదట బతిమాలాడు. తర్వాత అరిచాడు. తర్వాత ఎవరినో పంపి కానిస్టేబులును పిలిపించాడు. కానిస్టేబులు వచ్చి, "ఏవమ్మా, ఏంటి గొడవ?" అన్నాడు. ఆవిడ అతనికీ నోరు తెరిచి చూపించారు. అతను టోపీ సర్దుకుని, వ్యాపారివైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి వ్యాపారి షట్టరు దించేశాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇక చాలండీ, ఇంటికి పదండి," అన్నాను. ఆవిడ ఏదో అన్నారు, నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగితే మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. "నేను ఇచ్చినవి తెచ్చేసుకున్నానండీ. ఆయన ఇచ్చినవి ఇంకా ఉన్నాయండీ."

మర్నాడు పొద్దున్నే అతను మళ్లీ షట్టరు ఎత్తాడు. ఆవిడ అప్పటికే మొదటి బస్సుకు వచ్చి, కొట్టు ముందు నిలబడి ఉన్నారు.